యూకేలో షాపు ఉద్యోగం: ఆదివారం రానంటే తీసేస్తారా?

గుంటూరు_టు_లెస్టర్

అందరికీ నమస్తే. లెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, సెప్టెంబర్ నుంచి ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌లో పార్ట్ టైం. శుక్రవారం సాయంత్రం, శనివారం, ఆదివారం షిఫ్టులు. చేరేటప్పుడు ఆదివారం ఎప్పుడో ఒకటి వేస్తామన్నారు, ఇప్పుడు వరసగా అన్నీ వేస్తున్నారు. ఆదివారం పొద్దున ఇక్కడ మన తెలుగు ఫెలోషిప్ ఉంటుంది, ప్రార్థన అయ్యాక అక్కడే భోజనాలు, వారం మొత్తంలో మనవాళ్ళ మొహాలు చూసేది అప్పుడే. మేనేజర్‌ని అడిగితే "కాంట్రాక్టులో ఉంది, రాకపోతే నీ ఇష్టం" అన్నాడు. ఆ అన్న తీరు చూస్తే తీసేస్తాడేమో అని టెన్షన్‌గా ఉంది. ఆదివారం పని చేయనని చెప్పే హక్కు ఏదో ఇక్కడ ఉందని క్లాస్‌మేట్ అంటున్నాడు. నిజమేనా, లేక వాట్సాప్ కబురా? పాస్టర్ గారి దగ్గర లెటర్ తీసుకోమంటారా?

బర్మింగ్‌హామ్_అక్క

నిజమే తమ్ముడూ. చాలా ఏళ్ళుగా షాపు ఫ్లోర్ మీదే ఉన్నాను, షాపు ఉద్యోగుల యూనియన్ ఉస్‌డాలో రెప్‌గా కూడా చేశాను, ఈ కాగితాలు బాగానే చూశాను.

ఇంగ్లండ్, వేల్స్‌లో పెద్ద షాపులు ఆదివారం తెరుచుకోవచ్చని చెప్పింది 1994 సండే ట్రేడింగ్ చట్టం. తెరుచుకోండి కానీ పనిచేసేవాళ్ళని బలవంతపెట్టకండి అన్నది కూడా ఆ బేరంలో భాగమే. ఆ రక్షణ ఇప్పుడు 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టంలో ఉంది. ఆదివారం పని చేయడానికి నాకు అభ్యంతరం ఉంది అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి ఇవ్వాలి. ఇచ్చిన దగ్గర్నుంచి మూడు నెలలు ఆగాలి, ఆ మూడు నెలల్లో వాళ్ళు వేసిన ఆదివారాలు మాత్రం చేయాల్సిందే. తర్వాత నిన్ను ఆదివారం రమ్మని ఒత్తిడి చేయడానికి లేదు, కాంట్రాక్టులో ఏం రాసి ఉన్నా సరే.

పాస్టర్ గారి లెటర్ అక్కర్లేదు. ఇది చాలామందికి తెలీదు, చట్టం అసలు కారణమే అడగదు. చర్చి కావచ్చు, పిల్లల ఫుట్‌బాల్ కావచ్చు, మధ్యాహ్నం దాకా ముసుగు తన్ని పడుకోవాలని ఉండొచ్చు, అందరికీ అదే హక్కు. నేనైతే కారణం రాయొద్దనే చెప్తాను. రాస్తే మేనేజర్ ఆ కారణం పట్టుకుని వాదన పెట్టుకుంటాడు, "చర్చి పన్నెండింటికి అయిపోతుందిగా, ఒంటిగంటకి రా" అంటాడు.

ఇందుకు తీసేస్తే అది అన్యాయంగా తీసేసినట్టే లెక్క. ఎన్నాళ్ళ సర్వీసు ఉందని చూడరు, నిన్నగాక మొన్న చేరినా వర్తిస్తుంది. ఆదివారం ఒక్కరోజుకే ఉద్యోగంలో చేరినవాళ్ళకి మాత్రం ఈ హక్కు లేదు. నీకు శుక్ర, శని కూడా ఉన్నాయి కాబట్టి ఆ గొడవ లేదు.

ఒకటి చెప్పు. చేరాక ఈ హక్కు గురించి రాతపూర్వకంగా ఏమైనా ఇచ్చారా? ఇలాంటి ఉద్యోగంలో చేరిన రెండు నెలల్లోపు ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడు నెలల నోటీసు కాస్తా ఒక్క నెల అవుతుంది.

పచ్చడి_డబ్బా

ఇన్నాళ్ళూ ఇది నాకెవడూ చెప్పలేదేంట్రా బాబూ.

లూటన్_లెక్కలు

హక్కు సంగతి బాగుంది, లెక్క ఎవరూ చెప్పట్లేదు. ఆదివారం మానేస్తే ఆ గంటలు ఇంకో రోజు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. అక్కడే ఉంది కిటుకంతా. స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలే, ఆ వారం సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్కేస్తారు. మామూలు రోజుల్లో క్లాసులుంటాయి, షాపులకి జనం కావాల్సింది వీకెండ్‌కే. ఎనిమిది గంటల ఆదివారం షిఫ్టు పోయిందనుకో, గంటకి 12 పౌండ్ల పైచిలుకు వేసుకున్నా వారానికి దాదాపు వంద పోయినట్టే. నెలకి నాలుగు వందలు. షేరింగ్ గదికి అద్దె చాలావరకు అందులోనే వెళ్ళిపోతుంది. అంటే ఫెలోషిప్‌కి నువ్వు నెలకి నాలుగు వందల పౌండ్ల చందా కడుతున్నట్టు.

ఆదివారం పనిచేస్తే ఎక్కువ జీతం ఇవ్వాలన్న రూలు కూడా ఇక్కడ లేదు. కొన్ని కంపెనీలు ఒకప్పుడు ఇచ్చేవట, అది వాళ్ళ దయ. కనీస వేతనం అన్ని రోజులకీ ఒక్కటే.

నోటీసు ఇవ్వొద్దు అనట్లేదు బ్రదర్, ముందు ఆ గంటలు ఎక్కడ దొరుకుతాయో చూసుకుని ఇవ్వు.

బర్మింగ్‌హామ్_అక్క

లూటన్ చెప్పింది కరెక్టు, ఇందాక నేనే రాయాల్సింది. రాను అనే హక్కు ఉంది, బదులు గంటల హక్కు లేదు. నా దగ్గరకొచ్చిన వాళ్ళలో సగం మంది ఇది విన్నాక ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇంకో దారి ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఫ్లెక్సిబుల్ వర్కింగ్ రిక్వెస్ట్ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే పెట్టుకోవచ్చు, ఏడాదిలో రెండుసార్లు. "ఆదివారం బదులు బుధవారం సాయంత్రం ఇవ్వండి" అనో, "ఆదివారం రెండింటి తర్వాత వేయండి" అనో అడగొచ్చు. వాళ్ళు రెండు నెలల్లో జవాబు చెప్పాలి. కాదనొచ్చు, కానీ చట్టంలో ఉన్న కారణాల్లో ఏదో ఒకటి చూపించి కాదనాలి. ఆప్టవుట్ నోటీసు, అదే ఆదివారం రానని రాసిచ్చేది, అలా కాదు, అందులో వాళ్ళు కాదనేది ఏమీ ఉండదు. కాకపోతే సగం ఆదివారం అనే ఏర్పాటు అందులో లేదు, ఇస్తే ఆదివారాలన్నీ పోతాయి. తర్వాత మనసు మారితే మళ్ళీ పని చేస్తానని రాసిచ్చి వెనక్కి రావొచ్చులే.

నైట్‌ఫిల్_కుర్రాడు

ఎవరూ తిట్టుకోవద్దు కానీ రెండో వైపు కూడా వినండి. మా షాపులో ముగ్గురు ఈ నోటీసులు ఇచ్చారు. వాళ్ళ ఆదివారాలన్నీ తెచ్చి మా నెత్తిన వేశారు. నేను హిందువుని, నాకు ఆదివారం పూజ ఏమీ లేదు, అయితే నాకు ఆదివారం ఉండొద్దా? ఊళ్ళో అమ్మానాన్న ఇద్దరూ ఖాళీగా ఉండి వీడియో కాల్‌లో దొరికేది ఆ రోజే. దేవుడి పేరు చెప్పినవాళ్ళకి సెలవు, చెప్పనివాళ్ళకి డబుల్ డ్యూటీ, ఇదేం న్యాయం?

బర్మింగ్‌హామ్_అక్క

నువ్వూ ఇవ్వొచ్చు నాన్నా. దేవుడి పేరు ఎవరూ చెప్పక్కర్లేదని మొదటే రాశాను. ఆ ముగ్గురికి ఉన్న హక్కే నీకూ ఉంది, అంగుళం తేడా లేదు.

నైట్‌ఫిల్_కుర్రాడు

అందరం ఇచ్చేస్తే షాపు ఎవరు తెరుస్తారు మరి?

లూటన్_లెక్కలు

అది మేనేజర్ తలనొప్పి, నీది కాదు. ఆదివారం ఒక్కరోజుకే అని కొత్త కుర్రాళ్ళని పెట్టుకుంటారు, వాళ్ళకి ఎలాగూ ఆప్టవుట్ లేదు. చాలా షాపులు చేస్తున్నది అదే.

పాత_పేపర్ల_గుట్ట

ఈ చట్టం వెనక పెద్ద కథ ఉంది, ఇక్కడ పనిచేసే మనవాళ్ళు తెలుసుకోవాల్సిందే. 1994కి ముందు 1950 నాటి షాప్స్ యాక్ట్ ఉండేది. ఆదివారం షాపు మూసెయ్యాలి, కొన్ని వస్తువులకి మినహాయింపు. ఆ మినహాయింపుల జాబితా చదివితే నవ్వాపుకోలేం. తాజా కూరగాయలు అమ్మొచ్చు, అవే డబ్బాలో ఉంటే కుదరదు. భోజనం పార్సిల్ అమ్మొచ్చు, కానీ ఫిష్ అండ్ చిప్స్ షాపువాడు ఫిష్ అండ్ చిప్స్ అమ్మకూడదు, పక్కన చైనీస్ వాడు మాత్రం తన సరుకు అమ్ముకోవచ్చు. మన మున్సిపాలిటీ లాంటి కౌన్సిళ్ళు దీని మీద కేసులు వేసుకుంటూ తిరిగేవి.

ప్రధాని థాచర్ ఇదంతా ఎత్తేద్దామని 1986లో బిల్లు తెచ్చింది. భారీ మెజారిటీ చేతిలో ఉంది, అయినా ఏప్రిల్ 14న పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో 14 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆవిడ సొంత పార్టీ ఎంపీలే బోలెడుమంది ఎదురు తిరిగారు. అవతల వైపు చర్చీలు, షాపు ఉద్యోగుల యూనియన్, కీప్ సండే స్పెషల్ అనే ఉద్యమం అంతా ఒక్కటయ్యారు. మిగతా విషయాల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని జనం వీళ్ళు. పాస్టర్‌కి ప్రార్థన కావాలి, యూనియన్‌కి సెలవు కావాలి, ఇద్దరికీ రోజు ఒక్కటే.

తర్వాత 1993 చివర్లో పార్లమెంటు ముందు పలు దారులు పెడితే మధ్యేమార్గం గెలిచింది. 280 చదరపు మీటర్లు దాటిన షాపు ఆదివారం ఆరు గంటలే, అది కూడా పొద్దున 10కి సాయంత్రం 6కి మధ్యలో. అంతకన్నా చిన్న షాపు ఎంతసేపైనా తెరుచుకోవచ్చు. ఈస్టర్ ఆదివారం పెద్ద షాపులు పూర్తిగా మూత. 1994 ఆగస్టు 26కి ముందు నుంచి షాపుల్లో ఉన్నవాళ్ళకి ఇంకా గట్టి రక్షణ ఇచ్చారు, వాళ్ళు నోటీసు కూడా ఇవ్వక్కర్లేదు.

ఆ ఆరు గంటల్ని మళ్ళీ కదిలించాలని చూశారు. 2012 లండన్ ఒలింపిక్స్‌కి కొన్ని వారాలు ఎత్తేశారు. 2016లో కామెరాన్ ప్రభుత్వం ఆ నిర్ణయం స్థానిక కౌన్సిళ్ళకి వదిలేద్దామని ప్రయత్నిస్తే మార్చి 9న 317-286తో కామన్స్ మళ్ళీ కొట్టేసింది. ఈ దేశంలో ఆదివారం జోలికెళ్ళిన ప్రధానులు రెండుసార్లు చేతులు కాల్చుకున్నారన్నమాట.

ఇంకో చిత్రం, స్కాట్లండ్‌లో షాపులకి ఈ గంటల నిబంధన లేదు. కానీ ఆదివారం రానని చెప్పే హక్కు కూడా అక్కడ ఉండేది కాదు, అది 2003 చట్టంతో గానీ రాలేదు. మతం పట్టింపు ఎక్కువున్న చోటే చట్టం ఆలస్యంగా వచ్చింది. అన్నాళ్ళూ దాని అవసరం రాలేదేమో.

చేతనైతే_చేయి

వాళ్ళ దేశానికి చదువుకోవడానికి వెళ్ళి వాళ్ళకే రూల్స్ చెప్తారేంటి? ఉద్యోగం ఇచ్చారు, చేతనైతే చేయండి, లేకపోతే సర్దుకుని వచ్చేయండి.

లూటన్_లెక్కలు

రూల్ వాళ్ళు రాసుకున్నదే గురూగారూ. మనం చదివి వినిపిస్తున్నాం అంతే.

కేర్‌హోమ్_డైరీ

అక్కా, నేను కేర్ వర్కర్‌ని, స్పాన్సర్ వీసా మీద వచ్చాను. మాది వృద్ధాశ్రమం. నెలలో మూడు ఆదివారాలు లాంగ్ డే వేస్తారు, పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా. ఈ నోటీసు నేను కూడా ఇవ్వొచ్చా? స్పాన్సర్‌షిప్ పోతుందేమోనని మా ఆయన వద్దంటున్నారు.

బర్మింగ్‌హామ్_అక్క

లేదమ్మా, నీకు వర్తించదు. ఇది షాపుల్లో పనిచేసేవాళ్ళకి, బెట్టింగ్ షాపుల వాళ్ళకి మాత్రమే. షాపు అంటే కౌంటర్ ఒక్కటే కాదు, అరలు సర్దేవాళ్ళు, షాపు శుభ్రం చేసేవాళ్ళు, అదే షాపు స్టోర్ రూంలో ఉండేవాళ్ళు కూడా వస్తారు. కానీ కేర్ హోం రాదు, ఆసుపత్రి రాదు, ఫ్యాక్టరీ రాదు. ఆన్‌లైన్ ఆర్డర్లు సర్దే గోడౌన్ షాపు కాదు కాబట్టి అదీ రాదు. హోటళ్ళు, టేక్‌అవేలు కూడా బయటే, మన బిర్యానీ సెంటర్లలో ప్లేట్లు కడిగే పిల్లలకి దీంతో ఏ ఉపయోగమూ లేదు. ఏజెన్సీ పంపితే వచ్చినవాళ్ళ సంగతి చిక్కు, వాళ్ళు ఎవరి ఉద్యోగులన్నదే పెద్ద వాదన.

మీకు మిగిలేది 2010 ఈక్వాలిటీ చట్టం. అక్కడ మళ్ళీ మతం రుజువు చేయాలి, ఆ రూలు వల్ల మీ మతం వాళ్ళకి ప్రత్యేకంగా నష్టం అని చూపించాలి, అప్పుడు కూడా యజమాని "నాకు వేరే దారి లేదు" అని నిరూపిస్తే కేసు పోతుంది. మీలాంటి కేసే ఒకటి ఉంది. లండన్ మెర్టన్ కౌన్సిల్ పిల్లల హోంలో సెలెస్టీనా ఎంబా అనే ఆవిడ ఆదివారం పని చేయనంది. 2013లో అప్పీల్ కోర్టు దాకా వెళ్ళి ఓడిపోయింది. నమ్మకం నిజమే, కానీ పిల్లలకి ఆదివారం కూడా మనుషులు కావాలి కదా అన్నదే చివరికి నెగ్గింది. అంతకు ముందు 2005లో క్వారీలో పనిచేసే కాప్సీ అనే ఆయన కూడా అలాగే ఓడిపోయాడు.

వారానికి 24 గంటల విశ్రాంతి మాత్రం మీకు ఉంది, లేదా రెండు వారాలకి కలిపి 48 గంటలు. ఆ రోజు ఆదివారమే అయ్యుండాలని లేదు.

పాత_పేపర్ల_గుట్ట

ఆ చివరి మాట మీద ఒక చిన్న పిట్టకథ. యూరప్ పని గంటల చట్టంలో మొదట విశ్రాంతి రోజు ఉన్నంతలో ఆదివారం అయ్యుండాలని ఒక వాక్యం ఉండేది. యూకే ప్రభుత్వం కోర్టుకెళ్ళింది, 1996లో యూరప్ కోర్టు ఆ ఒక్క వాక్యం కొట్టేసింది. మిగతా రోజులకన్నా ఆదివారం విశ్రాంతి కార్మికుల ఆరోగ్యానికి ఎందుకు ఎక్కువ మేలో మీరు చెప్పలేదు అంది.

కేర్‌హోమ్_డైరీ

అర్థమైంది అక్కా. అంటే బిస్కెట్లు అమ్మేవాళ్ళకి ఆదివారం ఉంది, ముసలాళ్ళకి స్నానం చేయించేవాళ్ళకి లేదు. సరేలెండి. రోటాలో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయితో ఆదివారాలు మార్చుకుంటున్నాను, ఆమె చర్చి శనివారం సాయంత్రమట. మేనేజర్ చూసీ చూడనట్టు ఉంటోంది.

శనివారం_మాది

మాది నూజివీడు దగ్గర. మేం సెవెంత్ డే అడ్వెంటిస్టులం, శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం పొద్దుగూకే దాకా పని చేయం. ఆదివారం అంటే మాకు హాయిగా డ్యూటీకెళ్ళే రోజు. ఇంగ్లండ్ చట్టంలో మాకేమైనా ఉందా అని వెతికితే లేదు. యూదులకీ లేదు, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకెళ్ళే ముస్లింలకీ లేదు. మేమంతా ఆ ఈక్వాలిటీ చట్టం క్యూలో నిలబడాల్సిందే. కారణం అడగని చట్టం అని అక్క మెచ్చుకుంటోంది, బాగానే ఉంది. కానీ కారణం అడగకుండా ఇచ్చే ఆ ఒక్క రోజు వాళ్ళ దేవుడి రోజే ఎందుకయిందో కూడా అడగాలి కదా.

బర్మింగ్‌హామ్_అక్క

దీనికి నా దగ్గర జవాబు లేదన్నయ్యా. మీరన్నది న్యాయమే.

పాస్కాక్_వ్యాలీ_బావ

అమెరికా వైపు నుంచి కొంచెం. నేనుండేది న్యూజెర్సీ బెర్గెన్ కౌంటీ. ఇక్కడ ఆదివారం బట్టలు, ఫర్నిచర్, టీవీలు ఫ్రిజ్‌లు అమ్మకూడదు, పరామస్‌లో పెద్ద పెద్ద మాల్స్ తాళాలేసి ఉంటాయి. కిరాణా తెరిచే ఉంటుంది, హోటళ్ళు ఉంటాయి. ఎడిసన్ నుంచి మా ఇంటికొచ్చిన మనవాళ్ళు ఆదివారం షాపింగ్ అని బయల్దేరి ఖాళీ పార్కింగ్ చూసి నన్ను తిట్టుకుంటారు. ఇక్కడి జనం మాత్రం వారానికి ఒక్కరోజైనా రూట్ 17 మీద ట్రాఫిక్ ఉండదని దీన్ని వదలట్లేదు. దేవుడి కోసం పుట్టిన చట్టం ట్రాఫిక్ కోసం బతికుంది.

ఉద్యోగి హక్కు సంగతికొస్తే ఇక్కడ కథ ఇంగ్లండ్‌కి తలకిందులు. కారణం అడుగుతారు, అది మత నమ్మకమే అయ్యుండాలి. 1964 సివిల్ రైట్స్ చట్టం ప్రకారం యజమాని సర్దుబాటు చేయాలి, భరించలేని కష్టమైతే తప్ప. శనివారం అన్న గారికి తెలిసే ఉంటుంది, 1977లో హార్డిసన్ కేసు శనివారం గురించే, విమానాల కంపెనీ ఉద్యోగి. ఆ తీర్పులోని ఒక మాట పట్టుకుని కింది కోర్టులు యజమానికి పిసరంత ఖర్చయినా సర్దుబాటు అక్కర్లేదని చెప్తూ వచ్చాయి. నలభై ఏళ్ళకి పైగా అదే నడిచింది. 2023 జూన్ 29న గ్రాఫ్ కేసులో సుప్రీం కోర్టు తొమ్మిదిమందీ ఒక్కటై దాన్ని సరిచేశారు. గ్రాఫ్ పెన్సిల్వేనియాలో పోస్టల్ ఉద్యోగి. పోస్టాఫీసుకి ఆదివారం పనేంటి అంటారేమో, అమెజాన్ పార్సిళ్ళు! ఆదివారం డెలివరీ లేని ఊరికి మార్పించుకుంటే అక్కడికీ అమెజాన్ వచ్చింది. ఇప్పుడు యజమాని తన వ్యాపారానికి చెప్పుకోదగ్గ భారమని చూపించాలి.

ఇంకోటి, కనెక్టికట్ రాష్ట్రం ఒకప్పుడు ఎవరి పవిత్ర దినం నాడు వాళ్ళు పని మానుకోవచ్చు అని ఎదురులేని హక్కు ఇచ్చింది. 1985లో సుప్రీం కోర్టు కొట్టేసింది. నమ్మకం ఉన్నవాళ్ళ కోసం మిగతా అందర్నీ పక్కకి నెట్టేస్తున్నారు అని. మన నైట్‌ఫిల్ తమ్ముడి వాదన ఉంది చూశారూ, దాదాపు అదే.

నైట్‌ఫిల్_కుర్రాడు

అమెరికా సుప్రీం కోర్టులో కూర్చోవాల్సినవాణ్ణి, ఇక్కడ పాల ట్రాలీలు తోస్తున్నాను.

హాంబర్గ్_ఆదివారం

జర్మనీలో ఇది రాజ్యాంగంలోనే ఉంది తెలుసా. 1919 వైమార్ రాజ్యాంగంలో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలన్న వాక్యాన్ని ఇప్పటి రాజ్యాంగంలోకి యథాతథంగా తెచ్చుకున్నారు. బెర్లిన్ ప్రభుత్వం క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలూ షాపులు తెరుచుకోవచ్చంటే 2009 డిసెంబర్‌లో రాజ్యాంగ కోర్టు కుదరదంది. బేకరీ కాసేపు, పెట్రోల్ బంకు, రైల్వే స్టేషన్‌లో షాపులు, అంతే. కొత్తగా వచ్చిన మనవాళ్ళు మొదటి ఆదివారం పాలు దొరక్క స్టేషన్‌కి పరిగెడతారు. ఆసుపత్రి, హోటల్ లాంటి చోట ఆదివారం చేసినవాళ్ళకి రెండు వారాల్లోపు బదులు సెలవివ్వాలి, ఏడాదిలో కనీసం 15 ఆదివారాలు ఖాళీగా ఉండాలి. కేర్‌హోమ్ అక్కకి కావాల్సింది ఇలాంటిది. రానని చెప్పే హక్కు కన్నా లెక్కపెట్టి ఇచ్చే ఆదివారాలే నయం అనిపిస్తుంది నాకు. ఎవరూ మేనేజర్ ఎదురుగా వెళ్ళి నిలబడక్కర్లేదు.

మందమర్రి_పోరడు

మీరంతా ఆదివారం వద్దని కొట్లాడుతున్నరు, మా సింగరేణిలో ఆదివారం డ్యూటీ కావాలని కొట్లాట. దాన్ని ప్లేడే అంటం. రెట్టింపు జీతం. మా నాయనకి ప్లేడే పడితే ఇంట్ల ఆ నెల లెక్కనే వేరే. ప్లేడేలు తగ్గించిన్రంటే యూనియన్ వాళ్ళు గనుల మీద ధర్నాకి దిగుతరు. పైసలు రెట్టింపు ఇస్తే రానని చెప్పే హక్కు ఎవనికి కావాలె?

లూటన్_లెక్కలు

ఇదీ అసలు మాట. యూకేలో ఆదివారానికి రెట్టింపు ఇమ్మను, ఆప్టవుట్ ఫారాలు సగం మాయమవుతాయి.

పాస్కాక్_వ్యాలీ_బావ

మాసాచుసెట్స్‌లో షాపు ఉద్యోగులకి రెండూ ఉండేవి, ఆదివారం ఒకటిన్నర రెట్ల జీతం, రానని చెప్పే హక్కు. ఆ ఎక్కువ జీతాన్ని ఏడాదికి కొంచెం చొప్పున కోస్తూ 2023 జనవరి 1కి పూర్తిగా తీసేశారు. బదులుగా కనీస వేతనం పెంచారు. హక్కు మాత్రం కాగితం మీద అలాగే ఉంది.

పాత_పేపర్ల_గుట్ట

మందమర్రి తమ్ముడూ, మన దేశంలో ఆదివారం సెలవు కూడా కొట్లాడి తెచ్చుకున్నదే, తెల్లవాడు ఊరికే పారేసింది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి, సభలు పెట్టి, 1890 జూన్ 10న మిల్లు యజమానులతో ఒప్పించాడు. ఫూలే శిష్యుడు ఆయన. ఆదివారం ఖండోబా దేవుడి రోజు అన్నది కూడా ఆయన వాదనల్లో ఉంది. తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఆదివారం పని చేయిస్తే ముందు మూడు రోజుల్లోనో తర్వాత మూడు రోజుల్లోనో ఒక పూర్తి సెలవు ఇవ్వాలని, ఏకబిగిన పది రోజులకి మించి పని చేయించకూడదని పెట్టారు. రానని చెప్పే హక్కు కాదు, బదులు రోజు. హాంబర్గ్ వాళ్ళ పద్ధతికి దగ్గర.

గుంటూరు_టు_లెస్టర్

అందరికీ థాంక్స్. చాలా నడిచింది, అన్నీ చదివాను. జరిగింది చెప్తాను. చేరినప్పుడు ఇచ్చిన కాగితాలన్నీ వెతికాను, ఆదివారం హక్కు గురించి ఏమీ లేదు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడితే "పోర్టల్‌లో ఉంది చూసుకో" అన్నారు. చూస్తే నిజంగానే ఉంది, కానీ అప్‌లోడ్ చేసిన తేదీ పోయిన మంగళవారం. నేను మెయిల్ పెట్టిన మర్నాడు! నేను చేరింది సెప్టెంబర్, ఇప్పుడు జనవరి.

మేనేజర్ పిలిచి "ఆదివారం వద్దంటే శనివారం గంటలు కూడా తగ్గించాల్సి వస్తుంది" అన్నాడు. ఎవరూ లేనప్పుడు అన్నాడు. లూటన్ అన్న చెప్పిన లెక్క కూడా వేసుకున్నాను, కొంచెం కష్టమే, కానీ యూనివర్సిటీ లైబ్రరీలో మంగళ, గురువారాల సాయంత్రం పనికి అప్లై చేశాను, ఇంకా ఏమీ చెప్పలేదు.

బర్మింగ్‌హామ్_అక్క

ముందు ఆ పోర్టల్ పేజీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి నీ సొంత మెయిల్‌కి పంపుకో, ఆఫీసు మెయిల్‌కి కాదు. రెండు నెలలు దాటాక ఇచ్చారు కాబట్టి నీకు నెల నోటీసే. నోటీసులో ఆ సంగతి కూడా ఒక వాక్యం రాయి. రెండు కాపీలు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం చేయించుకో, చేయకపోతే మెయిల్‌లో పంపు.

శనివారం తగ్గిస్తానన్నాడు చూడు, అది చెల్లదు. ఆదివారం గంటలు పోవడం వేరు, దానికి శిక్షగా మిగతా రోజులు కోయడం వేరు. ఆదివారం ఒప్పుకోలేదని ఇంకే రకంగా నష్టం చేసినా దాని మీద కూడా ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. ఈ రోజే అతనికి మర్యాదగా ఒక మెయిల్ పెట్టు, "ఫలానా రోజు మీరు ఇలా అన్నారు, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా" అని. జవాబిచ్చినా ఇవ్వకపోయినా రాతలో ఉంటుంది. నిజంగా తగ్గిస్తే ఆలస్యం చేయకుండా ఉద్యోగ తగాదాలు చూసే ఏకాస్‌కి ఫోన్ చెయ్యి, ఉచితమే. గడువు దాటితే ఎంత మంచి కేసైనా వినరు.

నీది గ్యారంటీ గంటల కాంట్రాక్టా, జీరో అవర్సా? జీరో అవర్స్ అయితే రుజువు చేయడం కష్టం, "ఈ వారం పని లేదు" అని ఊరుకుంటారు.

గుంటూరు_టు_లెస్టర్

గ్యారంటీ 16 గంటలు అక్కా. మెయిల్ పెట్టేశాను. నోటీసు రేపు ఇస్తాను, కారణం రాయలేదు. ఒక్క డౌట్, ఈ నెలలో ఒక ఆదివారం ఫెలోషిప్‌లో బాప్తిస్మం ఉంది, నేను పాటల టీంలో ఉన్నాను. ఆ ఒక్కరోజు సిక్ పెట్టొచ్చా?

బర్మింగ్‌హామ్_అక్క

వద్దు. నోటీసు నెల అయ్యేదాకా వేసిన ఆదివారాలు చెయ్యి. సిక్ అని చెప్పి పాటలు పాడుతూ ఫేస్‌బుక్ లైవ్‌లో కనబడితే తీసెయ్యడానికి వాళ్ళకి వేరే కారణం నువ్వే చేతికిచ్చినట్టు. ఆ రోజుకి యాన్యువల్ లీవ్ అడుగు, లేదా ఎవరితోనైనా మార్చుకో.

నైట్‌ఫిల్_కుర్రాడు

లెస్టర్‌లో ఏ బ్రాంచి బ్రదర్? మాదీ లెస్టరే. ఒకే కంపెనీ అయితే ఆ ఒక్క ఆదివారం నేను చేస్తాలే, నాకు బదులు శివరాత్రి నైట్ చెయ్యి.

గుంటూరు_టు_లెస్టర్

మెసేజ్ పెట్టాను చూడు.

లూటన్_లెక్కలు

ఆ లైబ్రరీలో ఇంకో ఖాళీ ఉంటే ఇక్కడ చెప్పండి, మా చెల్లి అక్కడే చదువుతోంది.